గ్లాసులో నీళ్ళు కదలాలి

మార్చి పదకొండో తేదీ. పొద్దున్నే రెండు బ్రెడ్డు ముక్కల మధ్య ఉడికిన గుడ్డు పెట్టుకుని తిన్నాడు. ఆ తేదీ, ఆ తిండీ డాక్టరుకి ఇప్పటికీ గుర్తే. గుడ్డు అరగకముందే, ఆయన చేతి పని జన్మలో మొదటిసారి తిరిగొచ్చింది.

డాక్టరంటే మనుషుల డాక్టరు కాదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, జబ్బేమిటో చెప్పే మెకానిక్కు. పని పూర్తయ్యాక బానెట్ మీద గ్లాసుతో నీళ్ళు పెడతాడు. ఇంజన్ తిరుగుతున్నా నీళ్ళు కదలకూడదు. కదిలాయంటే ఆ బండి ఆయన షెడ్డు గుమ్మం దాటదు. ఊళ్ళో ఆయనకున్న పేరంతా ఆ గ్లాసులోనే ఉంది.

తిరిగొచ్చింది టీచరమ్మ జీపు. ఆవిడ నాన్నగారు కొన్న బండి. ఇల్లు కొండవాలు మీద. రాళ్ళ దారి, కార్లు ఎక్కవు. జీపు పాత ఇంజన్ బ్లాకు పగిలి చేతులెత్తేసింది. దానికి సామాన్లు ఎక్కడా దొరకవు. డాక్టరు నాలుగు చోట్ల తిరిగి, ఒక చిన్న టర్బో డీజిల్ ఇంజన్ పట్టుకొచ్చాడు. కొత్త ఇంజనూ పాత గేర్‌బాక్సూ ఒకదాని మొహం ఒకటి చూడనంటే, మధ్యలో ఇనప పలక కోయించి పెట్టి సంబంధం కుదిర్చాడు. రేడియేటర్ ముందుకి జరిపాడు. అదురు పైకి రాకుండా ఇంజన్ కింద కొత్త రబ్బరు దిమ్మలు వేశాడు. చివరికి గ్లాసు పెట్టాడు. నీళ్ళు నిద్రపోతున్నట్టున్నాయి.

“బండి బాగా లాగుతోందండీ,” అంది టీచరమ్మ, తాళం ఆయన చేతిలో పెడుతూ. “కానీ ఇంట్లో ఒప్పుకోవట్లేదు. ఇది మన బండి కాదంటున్నారు.”

“ఎందుకమ్మా?”

“చప్పుడు లేదని. పాత చప్పుడే కావాలి.”

డాక్టరు బిత్తరపోయాడు. చప్పుడు తగ్గించమని ప్రాణం తీసినవాళ్ళు బోలెడుమంది. పెంచమన్న మనిషి ఈవిడే.

“పెద్దాయన్ని ఒకసారి తీసుకురండమ్మా. నేను నచ్చజెబుతాను.”

“ఆయన రారండీ.” టీచరమ్మ చూపు దించుకుంది. “ఎలాగోలా చేసిపెట్టండి. బండి మీ దగ్గరికి వచ్చినప్పటి నుంచి ఇంట్లో తిండి సరిగ్గా లేదు.” వెళ్ళబోతూ ఆగి, “మీరైనా తిన్నారా?” అని అడిగింది.

ఆ ఒక్క మాటకి డాక్టరు కోపం కాస్త దిగింది. సైలెన్సర్ విప్పి, లోపలి జల్లెడ కోసిపారేశాడు.

బండి మళ్ళీ వచ్చింది.

“ఇది లారీ అంటున్నారండీ.”

పక్క షెడ్డు వెల్డరు గోడ మీంచి తల పెట్టాడు. “ఏం డాక్టరూ, పేషెంటు మళ్ళీ అడ్మిటయిందా?”

“ఆ ముసలాయన నా ప్రాణం తోడేస్తున్నాడురా. బండి చప్పుడు కోసం అన్నం మానేసే మనిషిని ఎక్కడైనా చూశావా?”

డాక్టరు ఒక ఖాళీ డ్రమ్ము బోర్లించి టీచరమ్మని కూర్చోబెట్టాడు. “అసలెలా ఉండేదో చెప్పండి.”

కంటిచూపుతో క్లాసుని నిలబెట్టే మనిషి, కాసేపు మొహమాటపడి, పెదాలతో మొదలుపెట్టింది. “డగ డగ డగ డగ… డగ్… డగ్. బండి నిలబెట్టినప్పుడు కిటికీ అద్దాలు అదరాలి. ఆపేటప్పుడు రెండుసార్లు దగ్గాలి.”

వెల్డరు పకపకా నవ్వాడు. టీచరమ్మ నవ్వలేదు. ఆవిడ కళ్ళ కింద నల్లటి చారలు డాక్టరు అప్పుడే చూశాడు.

“నిన్నట్నుంచి ముద్ద కూడా ముట్టుకోలేదండీ,” అంది.

డాక్టరు మళ్ళీ బండి కిందికి దూరాడు. రబ్బరు దిమ్మలు పీకేసి, వాటి చోట ఇనప ముక్కలు వేశాడు. పంపు కాస్త తిప్పి, డీజిల్ వేళ కాని వేళ పడేలా చేశాడు. ఇంజన్ పళ్ళు కొరకడం మొదలెట్టింది. ఐడిలింగ్, అంటే బండి నిలబడ్డప్పుడు ఇంజన్ తిరిగే వేగం, బాగా తగ్గించాడు. బంగారంలాంటి ఇంజన్‌కి చేతులారా రోగం ఎక్కిస్తూ, బోల్టు బోల్టుకీ ఆ పెద్దాయన్ని తిట్టుకున్నాడు.

“నయంచేసే డాక్టర్లని చూశాంగానీ, జబ్బు అంటించే డాక్టర్ని నిన్నే చూస్తున్నా,” అన్నాడు వెల్డరు, తన టిఫిన్ డబ్బాలోంచి సగం బ్రెడ్డు తుంచి ఇస్తూ.

డాక్టరు గ్లాసు పెట్టాడు. నీళ్ళు ఒలికిపోయి బానెట్ మీంచి కారాయి. వాటిని గుడ్డతో తుడుస్తూ ఒక నిర్ణయానికొచ్చాడు. ఈసారి బండి తనే తీసుకెళ్తాడు. ఆ పెద్దమనిషిని ఎదురుగా నిలబెట్టి, కడిగిపారేస్తాడు.

పొద్దు వాలుతుండగా జీపు కొండ ఎక్కింది. దారి పొడుగునా ఏం అనాలో కూడబలుక్కున్నాడు. వాకిట్లో ఆపాడు. కిటికీ అద్దాలు గలగల్లాడాయి. తాళం తిప్పాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

లోపల్నుంచి ఒక ముసలావిడ గొంతు వినపడింది.

“అమ్మాయ్, మీ నాన్న వచ్చారే. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేలోగా నాకు వడ్డించెయ్, ఆకలి దంచేస్తోంది.”

డాక్టరు వెనక్కి తిరిగి చూశాడు. దారిలో ఎవరూ లేరు. లోపల కంచం చప్పుడైంది. కాసేపటికి టీచరమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతికి అన్నం మెతుకులున్నాయి. మొహం తేటగా ఉంది.

“పెద్దాయన ఎక్కడమ్మా? ఒకసారి పిలవండి,” అన్నాడు డాక్టరు గొంతు పెంచి. “ఆయనతో రెండు మాటలు మాట్లాడాలి.”

టీచరమ్మ గబగబా బయటికొచ్చి, చప్పుడు కాకుండా వీధి తలుపు దగ్గరికి వేసి, “మెల్లగా అనండి, నాన్నగారు పోయి మూడేళ్ళయిందని అమ్మకి గుర్తుండదు,” అంది.