తడి అంటిన కొస

మా చీరాలలో ఇప్పుడు కుళాయి దగ్గర్నుంచి మగ్గం దాకా అన్నీ కాంతి దారం మీదే నడుస్తాయి. మా వీధిలో ఆ దారాలు పరీక్షించే పని నాది.

ఆ రోజు పొద్దున్నే సామ్రాజ్యం మగ్గం ఆగిపోయింది. పెళ్లిచీరకు కొంగు ఒక్కటే మిగిలి ఉంది. సాయంత్రానికి అందకపోతే వేరే చీర కొనుక్కుంటామని పెళ్లివారు కబురు పెట్టారు.

"వీధిలో ఎక్కడో తెగి ఉంటుంది వదినా," అంది సామ్రాజ్యం.

నేను మీటరు తగిలించాను. దారంలోకి పంపిన వెలుగు, అతుకు శుభ్రంగా లేని చోట కొంత వెనక్కి తిరిగి వస్తుంది. అది ఎంతసేపట్లో వచ్చిందో చూసి మీటరు దూరం చెబుతుంది. తెర మీద అక్కడ గీత కొండలా లేస్తుంది. అక్షరాలు యాభై ఏళ్లు దాటాక నేర్చుకున్నాను గానీ, ఆ గీత చదవడం నాకు ఒక్క పూటలో వచ్చేసింది.

కొండ వీధిలో లేదు. మగ్గానికి రెండు మూరల దూరంలో, ప్లగ్గు దగ్గరే ఉంది.

"నిన్న మగ్గం తుడుస్తూ దీన్ని ఊడదీశావా?"

"మళ్లీ పెట్టేశానుగా."

"ఎలా పెట్టావు?"

"దారం ఎలా పెడతారు వదినా? కొస నాలికతో తడిపి పెట్టాను."

నేను నవ్వుతూ కొసను పొడిగుడ్డతో తుడిచాను. పెట్టబోతుంటే సామ్రాజ్యం నా మణికట్టు పట్టుకుంది.

"నన్ను చూసి నవ్వి, నువ్వూ నోటి దాకా తెచ్చావేంటి?"

నాదీ ముప్పై ఏళ్లు మగ్గం నేసిన చెయ్యి మరి. ఎందుకైనా మంచిదని ఇంకోసారి తుడిచి, పొడిగానే పెట్టాను. తెర మీద కొండ ఆవగింజంత అయింది. మగ్గం కదిలింది. చూస్తుండగానే కొంగు మీద మొదటి నెమలికి కాళ్లు వచ్చాయి.