తొమ్మిదింటి టాబ్లెట్

ఎనిమిదీ యాభై. కొత్తగూడ దగ్గర ట్రాఫిక్ కదలడం మానేసి పావుగంటయింది. సంతోష్ స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ ఫోను వైపే చూస్తున్నాడు.

“సార్, పక్కకు జర రెండు నిమిషాలు ఆపుకుంట. ఇంటికి వీడియో కాల్ చేసుడుంది,” అన్నాడు మాస్కులోంచి.

వెనక సీట్లో నరసింహమూర్తి ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తాడు. నల్లగండ్లలో క్యాబ్ ఎక్కినప్పటి నుంచీ ఆయనకు ఈ డ్రైవరు నచ్చలేదు. తాను ఒక్క తుమ్ము తుమ్మినందుకు నాలుగు అద్దాలూ దించేశాడు. దారిలో దుమ్మంతా వచ్చి ఇస్త్రీ చొక్కా మీద వాలింది.

“తొమ్మిదింబావుకు మీటింగుందయ్యా! ఇప్పుడు ఆపావంటే ఒక్క స్టారే ఇస్తాను, చూసుకో.”

“తొమ్మిదింటికి టాబ్లెట్ పడాలె సార్. కిడ్నీ మార్పిడయింది. ఒక్క పూట గూడ తప్పొద్దు.”

నరసింహమూర్తి ల్యాప్‌టాప్ మూసి ముందుకు వంగాడు. ఫోను తెర మీద రెండు జడల పిల్ల ఫోటో ఉంది. ముందు పళ్లు రెండూ లేకుండా నవ్వుతోంది.

“ఎవరూ, మీ పాపా?”

“మా అక్క మమత బిడ్డ సార్. పింకీ. ఆరేండ్లు.”

“అయ్యయ్యో! మరి కిడ్నీ ఎవరిచ్చారు?”

“అక్కనే ఇచ్చింది సార్.”

“తల్లి మనసు!” ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “మరి టాబ్లెట్లు మింగడానికి మారాం చేయదూ?”

“ఆ గోలీల వాసనకే కడుపుల తిప్పుతది సార్. నాలుక కింద దాసిపెట్టుడు, ఎవ్వరు చూడకుంటే ఉమ్మేసుడు. ఇంట్ల అందరు పరేషాన్.”

అందుకే దవాఖానలో సరిత సిస్టర్ ఒక యాప్ పెట్టించింది. రోజుకు రెండు పూటలా తొమ్మిదింటికి అది గంట కొడుతుంది. మింగేవాళ్లు, చూసేవాళ్లు ఇద్దరూ వీడియోలో ఉండాలి. నిజంగా మింగినట్టు కనిపిస్తేనే చూసేవాళ్లు పచ్చ బొమ్మ నొక్కాలి. మొదట్లో చూసే పని సంతోష్ అమ్మ కొమురమ్మకు అప్పగించారు. ఆమె వెన్నపూస. జాలిపడిపోయి, మింగకముందే నొక్కేసేది. దాంతో ఆమెను ఆ పదవి నుంచి దించేశారు.

పావుగంట దాటితే యాప్ వెళ్లి సిస్టర్‌కు చాడీలు చెబుతుంది. ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు చెప్పింది. ఇలా తప్పుతూ పోతే పెట్టిన కిడ్నీ అలిగి కూర్చుంటుందని డాక్టరు హెచ్చరించాడు. ఇంకొక్కసారి తప్పితే కారు తాళం లాక్కుని సంతోష్‌ను ఇంట్లో కూర్చోబెడతానని మమత ఒట్టు పెట్టుకుంది. ఆమె అన్నదంటే చేస్తుంది. కారు లేని బతుకు తలచుకుంటేనే సంతోష్‌కు ఏడుపొస్తుంది.

పైగా తొమ్మిదీ పదికి పింకీ స్కూలు ఆటో వస్తుంది. ఎక్కేసిందంటే ఇక సాయంత్రం దాకా దొరకదు. మమత హౌస్‌కీపింగ్ డ్యూటీకి ఆరింటికే వెళ్లిపోయింది.

“మరి ఇంకా చూస్తావేంటయ్యా! ఎడమకి తిప్పు!” నరసింహమూర్తి కిటికీలోంచి తల బయటపెట్టాడు. “బాబూ, చిన్నపిల్ల ప్రాణం! జరగండి, జరగండి!”

బైకుల వాళ్లు జరిగారు. ఒక ఆటో ఆయన ఎందుకో దండం పెట్టి మరీ జరిగాడు. క్యాబ్ వెళ్లి ఇడ్లీ బండి పక్కన ఆగింది.

తొమ్మిదీ రెండు. కాల్ కలిసింది. ప్రగతి నగర్ ఇంట్లో కొమురమ్మ ఫోను ఎత్తింది. తెర నిండా ఆమె చెవి.

“అమ్మా, చెవి కాదే, పింకీని పిలువు!”

“అది టై కట్టుకోనంటుందిరా!”

“టై సంగతి తర్వాత! ఆటో వస్తది!”

తొమ్మిదీ ఆరుకు పింకీ వచ్చింది. ఒక కాలికే బూటు ఉంది. మూతి మూడు వంకరలు తిప్పి ఉంది.

నరసింహమూర్తి సీట్ల మధ్యలోంచి దూరి తానూ తెరలోకి వచ్చాడు. ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి, విద్యలన్నీ బయటకు తీశాడు. పిల్లిలా అరిచాడు. చెవులు ఆడించాడు. ఇడ్లీ తింటున్నవాళ్లు తినడం ఆపి చూశారు.

“పింకమ్మా, బంగారుతల్లివి కదూ! గుటుక్కుమంటే అయిపోతుంది. ఇదిగో, ఇలా... ఆ...” అని తన నోరు బార్లా తెరిచి చూపించాడు.

పింకీ ఆయన కొండనాలుక దాకా శ్రద్ధగా పరీక్షించింది.

“గీ తాత ఎవరు మామా? ఈయన నోట్ల ఏం లేదు.”

ఫోన్లోంచి ఆటో హారన్ వినిపించింది. సంతోష్‌కు చెమటలు పట్టాయి.

“జల్ది కానియ్యి బిడ్డా, నీ కాళ్లు మొక్కుత!”

పింకీ చూపుడువేలు పైకెత్తి, “మొన్నటి లెక్క నాలుక కింద దాస్తే నేను నొక్క, మంచిగ మింగి సూపియ్యి మామా!” అని గద్దించేసరికి, ఇరవై రెండేళ్ల సంతోష్ మాస్కు దించి, ముక్కు మూసుకుని, తన టాబ్లెట్ మింగి, మేనకోడలి ముందు బుద్ధిగా నోరు తెరిచాడు.