నవ్వే బొమ్మ

"మనసు నొప్పి ఎట్ల కొలవాల్నో చూస్తాన్న జట్టుతోని వచ్చిన తమ్మీ," అంది గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ.

కుమారస్వామి మగ్గం ఆపాడు.

ఆమె సంచిలోంచి ఓ అట్ట తీసింది. దాని మీద వరుసగా ముఖాలు. ఈ కొసన నవ్వేది, ఆ కొసన ఏడ్చేది.

అతని ఒళ్లు భగ్గుమంది.

నిరుడు ఆసుపత్రిలో చెల్లెలు తిరుమల ముందు పెట్టింది ఈ అట్టనే. "నీ బాధ ఏ బొమ్మంత?" అని అడిగితే ఆమె నవ్వే బొమ్మ మీద వేలు పెట్టింది. పక్కనే అన్న ఉన్నాడు మరి. అన్నకు ఫికర్ పెట్టే పిల్ల కాదు. బాధేమీ లేదని రాసి ఇంటికి పంపారు.

ఆ వారమే తిరుమల ప్రాణం తీసుకుంది.

అప్పట్నుంచీ కుమారస్వామి పళ్లు నూరుతూనే ఉన్నాడు. ఆ అట్ట పట్టుకున్నవాళ్లు ఎవరు చిక్కినా ఏడిపించి పంపాలి. ఇవాళ వెతకబోయిన తీగ కాలికి తగిలింది.

"మీ చెల్లె తన బాధను ఏమని చెప్పేది తమ్మీ? ఆమె మాటల్లనే చెప్పు."

అతనికి బాగా గుర్తుంది. 'లోపల పోగు తెగిందన్నా, కొస దొరుకుతలేదు' అనేది. మగ్గాల ఇంటి పిల్ల.

కానీ ఆ మాట వీళ్లకెందుకు చెప్పాలి?

అట్ట లాక్కుని చించేశాడు. పక్కనున్న చల్లారిన గంజి బకెట్ ఎత్తి ఆమె మీద కుమ్మరించాడు.

"నీ కడుపున పుట్టినోళ్లు గిట్ల పోతే ఎరుకైతది, నొప్పి ఎంతుంటదో."

ఆమె ముఖం తుడుచుకుంది.

"కోపం తగ్గినంక జర యాది జేసుకో బిడ్డా," అని మెట్లు దిగింది.

కుమారస్వామి కడుపు చల్లబడింది. ఏడాది తర్వాత మగ్గం హాయిగా ఆడింది.

కాసేపటికి పక్కింటి బక్కమ్మ వచ్చింది.

"ఎవలి మీద పోసినవ్‌రా గంజి? మా నల్లకాడ కడుక్కొని పోయింది, పాపం."

"ఆ అట్టలోళ్ల మనిషే గద పెద్దమ్మా."

"ఆ అట్టనే బందు పెట్టియ్యాలని తిరుగుతాందిరా. పోయినోళ్లు తమ బాధను ఏమని చెప్పుకున్నరో ఇల్లిల్లు అడుగుతాంది. ఆ మాటలతోని కొత్త కొలత చేస్తరట. నీ ఇల్లే ఆఖరట."

కుమారస్వామి వీధి చివరిదాకా పరుగెత్తాడు. ఆటో వెళ్లిపోయింది. చెల్లెలి మాట గొంతులోనే ఉండిపోయింది.

"ఆమెకెందుకు పెద్దమ్మా ఇంత పట్టుదల?" అన్నాడు తిరిగొచ్చి, రొప్పుతూ.

బక్కమ్మ కిందపడ్డ అట్ట ముక్క ఏరి అతని చేతిలో పెట్టింది.

"ఆమె బిడ్డ గూడ, తల్లి పక్కన నిలబడితే, ఈ నవ్వే బొమ్మ మీదనే వేలు పెట్టి పోయిందట."