వ్యాన్‌కు ముందు మనిషి

"సార్, జర మెల్లగ. నాకు దమ్ము వస్తలేదు."

ఇంద్రసేన వెనక్కి తిరిగి చూశాడు.

నలభై దాటిన మనిషి. వెలిసిపోయిన బనియను, అరిగిన కాన్వాస్ బూట్లు. వేళ్లకు సున్నం.

"మీరు కూడా మన క్లబ్బేనా?"

"అవు సార్. వెనకబడ్డ."

ఆ ఆదివారం అశోక్ నగర్ రన్నింగ్ క్లబ్బు అనంతగిరి గుట్టల్లో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పెట్టుకుంది. పోటీ ఏమీ లేదు, సరదాకే. అందరికంటే చివరి మనిషి వెనకాలే ఒక వ్యాన్ వస్తుంది. ఓపిక అయిపోతే ఎక్కేయొచ్చు.

ఇంద్రసేనకు అరవై మూడేళ్లు. భార్య సులోచన పోయాక పొద్దు గడవక నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా నడిచేవాడు. ఆ నడకే మెల్లగా పరుగైంది. క్లబ్బుతో ఇదివరకు రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ చివరివాడు ఆయనే.

అప్పుడల్లా వెనక ఇంజన్ చప్పుడు. "ఎందుకు సార్ తక్లీఫ్, ఎక్కున్రి" అంటూ డ్రైవర్ కిషన్ రావు పిలుపు. అది వింటే చాలు, ఆగిపోయి వ్యాన్ ఎక్కేసేవాడు.

ఈసారి వ్యాన్ ఎక్కకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చాడు.

ఈసారి వెనక ఇంకో మనిషి ఉన్నాడు. వ్యాన్ ఆ మనిషి వెనక ఎక్కడో మలుపు అవతలే ఉండిపోయింది. చెట్లలో పిట్టల కూత తప్ప ఏ చప్పుడూ లేదు.

"పేరేంది?"

"ఈదయ్య సార్. మాది పాలమూరు దిక్కు. లోయర్ ట్యాంక్ బండ్ కాడ ఉంట."

"సున్నాలేసే పనా?"

ఈదయ్య వేళ్లు చూసుకుని నవ్వాడు.

పాపం, ఎవరో పిలిస్తే వచ్చి ఇరుక్కున్నాడు, అనుకున్నాడు ఇంద్రసేన.

రాత్రి కురిసిన వానకు గుట్టంతా కడిగినట్టుంది. దారి చీలిన చోటల్లా నేల మీద తెల్ల బాణం. దాన్ని పట్టుకుని ఇద్దరూ పైకీ కిందికీ సాగారు.

పద్నాలుగో కిలోమీటరు దగ్గర ఏటవాలు ఎక్కుడు. ఇంద్రసేన ఆగిపోయాడు.

"సార్, మీరు ఆగితె నేను కూలబడత. మీ కాళ్లు చూసుకుంటనే వస్తున్న."

ఇంద్రసేనకు సిగ్గేసింది.

"ఆ చింతచెట్టు దాకా పోదాం పా. తర్వాత చూద్దాం."

చింతచెట్టు దాటాక కల్వర్టు దాకా అన్నాడు. ఆ తర్వాత మైలురాయి దాకా. ఇంకొకరికి ధైర్యం చెప్తుంటే తన నొప్పి ఎప్పుడు తగ్గిందో తెలియలేదు. సులోచన ఉంటే, 'ఎవరు ఎవరికి చెప్తున్నరు' అని నవ్వేది.

చివరి మలుపు తిరగ్గానే క్లబ్బు బ్యానరు కనిపించింది. ఈదయ్య ఒక బండ మీద కూర్చున్నాడు.

"నాతోటి కాదు సార్. మీరు పోన్రి."

"ఇంత దూరం వచ్చి?"

"పోన్రి సార్. చూస్తున్నరు అందరు."

ఇంద్రసేన ఉరికాడు. నలభై మంది లేచి చప్పట్లు కొట్టారు. గీత దాటుతుంటే రెండు చేతులూ వాటంతట అవే పైకి లేచాయి. క్లబ్బు నడిపే సంయుక్త మెడలో మెడల్ వేసి, చేతిలో పల్లీపట్టీ పెట్టింది.

సగం విరిచి ఈదయ్యకని జేబులో వేసుకున్నాడు.

వ్యాన్ వచ్చింది. అందులో కిషన్ రావు ఒక్కడే.

"ఈదయ్య ఏడీ?"

"కోఠిల పనుందట సార్. అడ్డదారిల దిగి బస్సుకు పోయిండు."

"అయ్యో. ఇంకో వంద గజాలు ఓర్చుకుంటే అయిపోయేది. దమ్ము లేదు పాపం."

సంయుక్త విచిత్రంగా చూసింది.

"ఈదయ్యన్నకా? మాకందరికి ఉరుకుడు నేర్పిందే ఆయన సార్. పొద్దుగాల మన బస్సు రాకముందే ఈ దారంతా ఒకసారి ఉరికి, ఆ సున్నం బాణాలు వేసిండు. ప్రతిసారి అట్లనే వేసి ముందే పోతడు, మీరు చూసి ఉండరు."

ఇంద్రసేనకు అప్పుడు గుర్తొచ్చింది, అంత దూరంలో ఈదయ్య మాట ఒక్కసారి కూడా ఆయాసంతో తెగలేదని.

"మరి నా వెనక ఎందుకు..."

"'వ్యాన్ చప్పుడు వింటె సార్ ఆగిపోతడు, ఈసారి ఆఖర్ల నేనుంట' అన్నడు."