పొగమంచులో రేడియో

ముందే ఒప్పేసుకుంటున్నాను, నాకు సైకిల్ తొక్కడం రాదు. సలహాలు మాత్రం దంచేస్తాను. సైకిల్ గ్రూపుల్లో అదీ ఒక అర్హతే.

ఆ ఆదివారం కొండ మీద టీ కొట్టు దగ్గర సలహాల వాన కురుస్తోంది.

తడుస్తున్నది మా గ్రూపు కెప్టెన్ చెల్లెలు. సైకిల్ మీద కొండ దిగడం ఆమెకి అదే మొదటిసారి.

"ముందు బ్రేకు ముట్టుకోకు. గాల్లో పల్టీ కొడతావు."

"వాడి మాట వినకు. వెనక బ్రేకొక్కటే నొక్కితే జారిపోతావు."

"రెండూ నొక్కమ్మా. నొక్కి వదులు, నొక్కి వదులు. నేనలాగే దిగాను."

"నువ్వు దిగి నొక్కింది మీ ఆవిడ నంబరు. వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళమని."

అందరూ నవ్వారు. చెల్లెలు నవ్వలేదు.

కొంచెం దూరంగా రేడియో నిలబడి ఉన్నాడు.

అరవై దాటిన మనిషి. గ్రూపులో కొత్త. అసలు పేరు ఎవరూ అడగలేదు. తొక్కుతున్నంతసేపూ నోరు ఆగదు కాబట్టి రేడియో.

గుంటలూ గతుకులూ వస్తే వెనకవాళ్ళకి కేకేసి చెప్పడం గ్రూపులో అందరూ చేసేదే. ఈయన అక్కడితో ఆగడు.

"ఎడమపక్క పసుపు గోడ. మేడ మీద ఒకామె దుప్పటి దులుపుతోంది. కింద కుక్క పడుకుంది, మనల్ని లెక్కచేయలేదు."

ఇప్పుడూ మొదలుపెట్టాడు.

"లోయలోంచి పొగమంచు లేస్తోంది. ముందు చెట్ల మొదళ్ళు పోయాయి. ఇప్పుడు కొమ్మలు పోతున్నాయి..."

చెల్లెలి మొహం పాలిపోయింది.

కెప్టెన్‌కి ఒళ్ళు మండింది. "రేడియో కాస్త ఆపండి సార్. మాకూ కళ్ళున్నాయి. అసలే అది హడలిపోతోంది. కిందికి చేరేదాకా మీ నోట్లోంచి ఒక్క మాట రాకూడదు."

"అలాగే బాబూ," అన్నాడాయన.

మిగతావాళ్ళు అప్పటికే జారుకున్నారు. కెప్టెన్ ముందు, చెల్లెలు మధ్యలో, రేడియో చివర. బయల్దేరారు.

రెండో మలుపు దగ్గర పొగమంచు రోడ్డు మీదికి వచ్చేసింది.

అన్నయ్య సైకిల్ వెనక ఎర్ర లైటు ఒకసారి మినుక్కుమని మాయమైంది.

"అన్నయ్యా."

ఆమెకి ముందు చక్రం తప్ప ఏమీ కనిపించడం లేదు. ఒకపక్క కొండ. రెండోపక్క ఏముందో తెలుసు కాబట్టి అటు చూడలేదు.

ఆగిపోదామనుకుంది. అంతలో పైనుంచి లారీ హారన్ వినిపించింది. రోడ్డు మధ్యలో ఆగితే దాని కింద పడటమే. బ్రేకు నొక్కింది. వెనక చక్రం పక్కకి జారింది.

ఎవరో పక్కనుంచి ముందుకి వెళ్ళారు.

"నా గొంతు వెనకే రా తల్లీ. రోడ్డు కనిపించకపోయినా ఫర్వాలేదు, ఈ దారి నాకు కంఠతా వచ్చు."

ఆమె హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది.

"ఎడమకి తిరుగుతోంది. తిరుగు, ఇంకొంచెం. చాలు. ముందు కంకర, బ్రేకు వదిలెయ్. ఆ... ఇప్పుడు పట్టుకో, మెల్లిగా, రెండూ."

లారీ చప్పుడు దగ్గరైంది.

"కొండవైపుకి వచ్చెయ్. లారీ పోయేటప్పుడు గాలి తోస్తుంది, తోయనీ. నువ్వు నిటారుగా ఉండు."

గాలి తోసింది. ఆమె నిటారుగా ఉంది.

"పక్కనే పెద్ద బండరాయి. ఎవరో జంట పేర్లు చెక్కుకున్నారు. రెండో పేరు కొట్టేసి ఉంది పాపం."

అంత భయంలోనూ ఆమెకి నవ్వొచ్చింది. నవ్వేసరికి బిగుసుకుపోయిన భుజాలు వదులయ్యాయి.

కింద కెప్టెన్ రోడ్డు వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు. వెనక చెల్లెలు లేదని అతనికి కిందికొచ్చాకే తెలిసింది. మళ్ళీ పైకి వెళ్ళబోతుంటే, మంచులోంచి మనుషులకంటే ముందు మాట వినిపించింది.

"...ఇక్కడ నాచు పట్టిన చిన్న కల్వర్టు. అంతే, అయిపోయింది."

చెల్లెలు క్షేమంగా కనిపించగానే అతని భయమంతా కోపమైపోయింది.

"ఒక్క మాట రాకూడదని చెప్పానా లేదా? దాన్నింకా కంగారుపెట్టి చంపుదామనా? వచ్చే వారం నుంచి మీరు రాకండి సార్."

చెల్లెలి పళ్ళు టకటకలాడుతున్నాయి. చెయ్యి ఎత్తింది గానీ మాట పెగల్లేదు.

రేడియో తలూపాడు. సైకిల్ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మంచినీళ్ళు తాగాక ఆమె అంది, "నాకేమీ కనపడలేదన్నయ్యా. ఆయన గొంతు పట్టుకుని దిగాను."

ఆ వారమే వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఇద్దరూ ఆయన ఇల్లు పట్టుకున్నారు. క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో కెప్టెన్ దారంతా సాధన చేశాడు.

తలుపు తీసింది ఆయన భార్య.

"సైకిల్ గ్రూపు వాళ్ళమండీ. సార్ ఉన్నారా?"

"మందులకి వెళ్ళారు, వచ్చేస్తారు. లోపలికి రండి." ఆమె పక్కకి తప్పుకుంది. "నా మోకాలు పాడయ్యాక నేనే ఆయన్ని మీ గ్రూపుకి పంపాను. ఒక్కరే తొక్కలేరు, తోడు కావాలి ఆయనకి."

కెప్టెన్ నోరు తెరిచాడు. ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"ఆదివారం ఏం జరిగింది బాబూ? అప్పట్నుంచీ నన్ను బయటికి తీసుకెళ్తే మెట్టు, గుంట తప్ప ఇంకేమీ చెప్పట్లేదు. చెట్లేమయ్యాయి, మనుషులేమయ్యారు అని అడిగితే, అదంతా వాగుడు, జనానికి విసుగు అంటున్నారు."

చెల్లెలు అన్నయ్య వైపు చూసింది.

"ఇంతకీ ఎంతమంది వచ్చారు మీరు?" అంది, కుర్చీ కోసం చేత్తో తడుముతూ.

ఆమె వెనక గోడకి ఆనించి రెండు సీట్ల పొడవాటి సైకిల్ ఉంది; పెళ్ళయిన దగ్గర్నుంచీ దాని వెనక సీట్లో కూర్చుని ఆమె చూసిన లోకమంతా, ముందు సీట్లోంచి ఆ నోరు చూపించిందే.