జీడి మరక

"చేతులు నల్లగా ఉన్నవాళ్లెవర్నీ వదలొద్దు!" కొత్తగా వచ్చిన ఎస్సై గొంతు చించుకున్నాడు.

ఫీజుల పెంపు మీద ధర్నా చేస్తున్న పిల్లలు కాలేజీ గేటు ముందు చెల్లాచెదురయ్యారు. వాళ్లలో ఎవరో అంతకుముందే ప్రిన్సిపాల్ కారు మీద తారు కుమ్మరించారు.

కానిస్టేబుల్ కూర్మారావుకు ఆ పిల్లల్లో గౌరీశ్వరి దొరికింది. రెండు చేతులూ నల్లగా ఉన్నాయి. మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. ఎముక పుటుక్కుమంది.

"తారు పోసినావేటే?"

"తారు కాదు బాబూ, జీడి! పొద్దున్నే జీడిపిక్కలు కొట్టొచ్చినాను, ఆ తొక్క రసం అంటింది. ఫీజు కట్టాల గదా!"

రెండో దెబ్బకు ఆ పిల్ల నేల మీద పడింది. నెత్తురు కారుతున్న చేతిని గుండెలకు అదుముకుంది.

"మాట సూత్తే మీదీ ఈ పక్కే. జీడి మరక తెలీదేటి బాబూ?"

కూర్మారావు ఎత్తిన లాఠీ ఆగిపోయింది. వాళ్లమ్మ ముప్పై ఏళ్లు జీడిపిక్కలు కొట్టింది. అలాంటి నల్ల చేత్తోనే అన్నం కలిపి పెట్టింది.

ఎస్సై దగ్గరికొచ్చాడు. "తారేనా?"

"కాదు సార్. జీడి."

"ఎప్పుడు తెలిసిందయ్యా నీకు?"

వాలిపోయిన ఆ మణికట్టు వైపు చూస్తూ కూర్మారావు లాఠీ దించాడు.

"కొట్టకముందే తెల్సు సార్."