నలభై రెండు మలుపులు

“నాలుగు నెలల కింద వేసిన కొత్త టైర్లకి అప్పుడే గుండు కొట్టించావు కదరా! అలైన్‌మెంట్ చేశావా, నా చెవిలో పువ్వులు పెట్టావా?”

రిటైరైన బస్సు డ్రైవరు గొంతుకి షెడ్డు రేకులు కూడా అదిరాయి. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు కస్టమర్లు ఫోన్లలోంచి తలలెత్తారు. మెకానిక్‌కి చిర్రెత్తుకొచ్చింది. పాతికేళ్లుగా కార్ల చక్రాలు సరిచేస్తున్నాడు. అతని పనికి వంక పెట్టినవాడు ఇంతవరకూ లేడు.

“అరవకు బాబాయ్. నా తప్పని తేలితే ఈ షెడ్డుకి తాళం వేసేస్తాను,” అన్నాడు.

పెద్దాయనది పాత కారు. మెకానిక్ దాన్ని వీధుల చుట్టూ ఒక కిలోమీటరు తోలి చూశాడు. ఏ పక్కకీ లాగడం లేదు. జాకీ మీద ఎత్తి చక్రం పట్టుకుని ఊపాడు. బేరింగుల్లో లూజు లేదు. స్టీరింగు కీళ్లు బిగువుగానే ఉన్నాయి. రెండు పక్కలా గాలి సమానం. అలైన్‌మెంట్ తను పెట్టిన చోటే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. కానీ ముందు టైర్లు రెండూ చిత్రంగా అరిగాయి. ఒక్కచోట జానెడు మేర నున్నగా గుండు. మిగతా చుట్టూ గీతలు నిక్షేపంగా ఉన్నాయి.

మెకానిక్ మొహం వెలిగింది. “దొరికింది బాబాయ్! బండి కదలకుండా నిలబెట్టి స్టీరింగు తిప్పితే ఇలాగే అరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే పని.”

కస్టమర్లలో ఒకాయన కిసుక్కున నవ్వాడు. పెద్దాయన మొహం కందగడ్డ అయింది.

“నేను నేర్చుకునేవాణ్ణా? ముప్పై రెండేళ్లు ఘాట్ రోడ్డులో బస్సు తోలాను. బండి మీద ఒక్క గీత పడనివ్వలేదు. వెనకాల యాభైమంది నన్ను నమ్మి నిద్రపోయేవాళ్లురా!”

“అది కాదు బాబాయ్...”

“మలుపులురా, మలుపులు! కొండమీద మా చెల్లెలి ఊరికి ఎన్ని మలుపులో తెలుసా? నలభై రెండు. ప్రతి ఆదివారం వెళ్లాల్సిందే. వెళ్లకపోతే అలుగుతుంది. వెళ్తే వదలరు. మేనల్లుడైతే, ఇంకో పూట ఉండు మామయ్యా అని కారు తాళం దాచేస్తాడు. అసలు నాకు ఇంట్లో కూర్చునే తీరిక ఎక్కడిదిరా?”

చెబుతూ చెబుతూ గాల్లోనే స్టీరింగు పట్టుకున్నాడు. చేతులు ఎడమకీ కుడికీ తిరిగాయి. చొక్కాకి గుండీ ఊడిన చోట పిన్నీసు పెట్టుకుని ఉన్నాడు.

మెకానిక్ మెత్తబడలేదు. తన పని మీద మాట పడ్డాక ఊరుకుంటాడా? “అరగడానికి కారణం ఏమిటో కార్డు మీద రాస్తాను, నలుగురికీ చూపించుకో,” అంటూ టైర్లు వేసిన రోజు రాసిన పాత సర్వీసు కార్డు తీశాడు. కిలోమీటర్ల మీటరు అంకె రాసుకోవడానికి కారులోకి వంగాడు.

వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. మీటరు అద్దాన్ని వేలితో తుడిచి మళ్లీ చూశాడు. కార్డు చూశాడు.

బయటికొచ్చి, ఇందాక నవ్విన కస్టమరుకి వినబడేలా గొంతు పెంచాడు. “పొరబడ్డాను బాబాయ్. ఇవి ఘాట్ రోడ్డు మలుపులే. అదే రాసేస్తున్నా.”

“చెప్పానా!” పెద్దాయన ఛాతీ పొంగింది. “సరేలే, షెడ్డుకి తాళం వెయ్యొద్దులే, బతికిపో.”

మెకానిక్ ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకి మార్చాడు. పెద్దాయన దర్జాగా సీట్లో కూర్చుని అద్దం సర్దుకున్నాడు.

“ఆదివారం పెందలాడే బయల్దేరాలి. చెల్లెలు గుమ్మంలోనే నిలబడుంటుంది.”

“మలుపుల్లో నెమ్మది బాబాయ్,” అన్నాడు మెకానిక్.

కారు వీధి చివర కనుమరుగయ్యేదాకా చూసి, చేతిలోని కార్డు మళ్లీ చదివాడు. నాలుగు నెలల కిందటి అంకెకీ ఇవాళ్టి అంకెకీ తేడా మూడు కిలోమీటర్లు: ఇక్కణ్ణించి పెద్దాయన ఇంటికి ఒకటి, ఇంటి నుంచి ఇక్కడికి ఒకటి, ఇందాక తను తోలింది ఒకటి.